గీతలు పోయిన చోటు

ఫోనులో సిగ్నల్ పోతే జనం ముందు ఫోనుని తిడతారు, తర్వాత కంపెనీని తిడతారు. ఫోనుకి వినపడదు, కంపెనీ చేతికి దొరకదు కాబట్టి చివరికి టవరమ్మను తిడతారు. ఆమె అసలు పేరు ఆఫీసులో జీతాలు పంచే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పనేమో కారులో కూర్చుని ఊరంతా తిరగడం. డ్యాష్‌బోర్డు మీద వరసగా బిగించిన ఫోన్లు, ఒళ్ళో ల్యాప్‌టాప్. కారు నడిచిన దారిలో సిగ్నల్ ఉంటే మ్యాపు మీద ఆకుపచ్చ చుక్క పడుతుంది, లేకపోతే ఎర్ర చుక్క. కారు ఎటు పోతే చుక్కలు అటు. కారు వెళ్ళని వీధి గురించి ఆ మ్యాపుకి ఏమీ తెలియదు. పాత టవర్ల మీద కొత్త సామాను బిగించడం మొదలైనప్పటి నుంచీ ఎర్ర చుక్కలకి కొదవలేదు, తిట్లకి అసలే లేదు.

"ఆ సందులోకి తిప్పు బాబాయ్," అంది.

కారు నడిపే పెద్దాయన అందరికీ బాబాయే. "అందులో కోడిగుడ్ల కొట్టువాడున్నాడమ్మాయ్. మొన్న నన్ను పట్టుకుని, నేనే టవరు మింగేసినట్టు క్లాసు పీకాడు."

"పీకనీ. మనకిది కొత్తా?"

అంతలో సొంత ఫోను మోగింది. మొగుడు. వృత్తికి టైలరు. బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడి, తొడదాకా సిమెంటు కట్టుతో మూడో అంతస్తులో మంచం పట్టాడు. మనిషి మంచం మీదున్నా నోరు మాత్రం ఊరంతా తిరుగుతుంది.

"ఏమేవ్, వినపడుతోందా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! ఊరందరికీ సిగ్నల్ ఇచ్చే ఇల్లాలు, ఇంట్లో మాత్రం సున్నా."

"కిటికీ దగ్గరికి పో మరి."

"అక్కడి నుంచే మాట్లాడుతున్నా తల్లీ. గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చా. ఈ కిటికీ గట్టు మీద ఒక్క గీత వస్తోంది. ఆ గీతని పట్టుకుని వేలాడుతున్నా."

"సాయంత్రానికి వచ్చేస్తా. మళ్ళీ స్టూలెక్కకు."

"ఎక్కితే నీకు చెప్పే ఎక్కుతాలే," అన్నాడు. మాట తెగింది. ఆమె నవ్వుకుంది. ఎన్ని మాటలన్నా ఆ మనిషి గొంతు వినకపోతే ఆమెకి పూట గడవదు.

వాళ్ళ వీధి టవరుని కొత్త సామాను బిగించడానికి పొద్దున్నే మూసేశారు. అది తెరిచేదాకా, దూరాన ఉన్న మార్కెట్ టవరు అటువైపు ముఖం తిప్పి ఆ ఒక్క గీత అందిస్తోంది.

వాన మబ్బు దిగి మధ్యాహ్నమే మసకేసిన వేళకి వాళ్ళు ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి చేరారు. అది మూతపడి చాలా ఏళ్ళయింది. చుట్టూ ఏ వీధి చూసినా ఆకుపచ్చ చుక్కలే, ఆ గోడల మధ్య మాత్రం ఎరుపు. వాళ్ళ భాషలో దాన్ని చిల్లు అంటారు. ఎంతమంది ఇంజనీర్లు వచ్చినా ఆ చిల్లు పూడలేదు. పై ఆఫీసరు "ఇది పూడిస్తే నీ పేరు నిలబడిపోతుంది" అన్నప్పటి నుంచీ టవరమ్మకి దాని మీద కన్నుంది.

గేటు పక్కన కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను. సిగ్నల్ లేని చోట ఫోను కేసి అంత దీక్షగా చూసే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏం చూస్తున్నావు పెద్దాయనా?"

"గీతలమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఇక్కడ ఒక గీత ఉందంటే అది లోపలుందని. ఆ ఒక్కటీ పోయిందంటే గేటుదాకా వచ్చిందని. అప్పుడు నేను లేచి రోడ్డు మీదికి పోతాను."

"ఏది?"

"ఐసు దిమ్మల్ని లాగే కొక్కెం ఉంటుందే, దాన్ని ఈడ్చుకుంటూ తిరిగేది. మొహం చూసినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు. గీతలు పోయిన చోట అది ఉంటుంది. ఈ నాలుగు గోడలే దానికి నిలువనీడ." అప్పుడు తలెత్తాడు. "మీరు దీన్ని బాగుచెయ్యడానికే వచ్చారు కదూ? వద్దమ్మా. కలుగులో పొగబెడితే ఎలుక చావదు. బయటికొస్తుంది."

బాబాయ్ పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు. టవరమ్మకి మాత్రం ఒళ్ళు మండింది. ఇన్ని తిట్లు తిని, ఇంత ఎండలో, ఇంత వానలో తిరిగి పని చేస్తుంటే, చివరికి దెయ్యం కోసం సిగ్నల్ ఆపమంటాడా ఈయన! రోడ్డు మీదికి వచ్చి కంట్రోల్ రూముకి ఫోను చేసింది. అక్కడ కూర్చునే ఆయన్ని ఆమె అన్నయ్యా అని పిలుస్తుంది.

"అన్నయ్యా, మార్కెట్ టవరు యాంటెన్నా ఇటు తిప్పు. చిల్లు ఇవాళ పూడ్చేద్దాం."

"తిప్పుతా గానీ చెల్లెమ్మా, పొట్టి దుప్పటి కదా ఇది. తలకి లాగితే కాళ్ళు బయటపడతాయి. మీ వీధికొచ్చే ఆ ఒక్క గీతా పోతుంది."

"పోనీ. మా ఆయన ఒక్క పూట ఫోను లేకపోతే చచ్చిపోడులే."

అన్నయ్య నవ్వాడు. కాసేపటికి కారులో ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి. బాబాయ్ కారుని గేటు ముందు నుంచి మెల్లగా పోనిచ్చాడు. ఆకుపచ్చ... ఆకుపచ్చ... గోడ పొడుగునా ఆకుపచ్చ. టవరమ్మ చప్పట్లు కొట్టింది.

వాచ్‌మన్ తన ఫోను కేసి చూసుకున్నాడు. గీతలన్నీ నిండి ఉన్నాయి.

"ఇప్పుడదెక్కడుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. "లోపలి తలుపు... గడియ వెయ్యలేదు..."

కుర్చీ తన్నుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

కొంచెంసేపు ఏమీ లేదు. అప్పుడే మొదలైన వాన గోడ మీంచి కారుతున్న చప్పుడు. తర్వాత లోపల ఎక్కడో సిమెంటు నేల మీద ఇనుము ఈడ్చిన చప్పుడు. గర్ర్... ఆగింది. గర్ర్... ఆ వెంటనే కేక. మనిషి కేకలా మొదలై, నోట్లో నీళ్ళు నిండినట్టు గరగరలాడి, మధ్యలో తెగిపోయింది.

బాబాయ్ డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసుకుని ముందు నడిచాడు. ఆమె ఫోను లైటు వేసుకుని వెనకే వెళ్ళింది. లోపల గాలి ముక్కుని కోసేస్తోంది. పాత అమ్మోనియా, తడి తుప్పు, వాటి అడుగున ఇంకేదో వెచ్చని వాసన. పైకప్పు పొడుగునా ఐసు దిమ్మల్ని నడిపే ఇనుప పట్టాలు. వాటి చివర లైటు పడ్డప్పుడు ముందుగా చెప్పులు కనిపించాయి. నేలకి అంత ఎత్తున చెప్పులెందుకున్నాయో ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

కొక్కెం గడ్డం కింద దిగి నోట్లోంచి బయటికొచ్చింది. వాచ్‌మన్ కాళ్ళు ఇంకా తన్నుకుంటున్నాయి. రెండు చేతులూ ఆ ఇనుముని పట్టుకుని పైకి లేవాలని చూస్తున్నాయి. ఛాతీ మీంచి రక్తం ధారగా కారి, కాలి బొటనవేలి దగ్గర చుక్కలు చుక్కలుగా పడుతోంది. టవరమ్మ ఆ కాళ్ళని పట్టుకుని పైకెత్తబోయింది. అప్పుడే ఆ కాళ్ళు ఆగిపోయాయి.

"బాబాయ్..."

"కదలకమ్మాయ్," అన్నాడు గుసగుసగా. "నీ వెనక..."

ఆమె చేతిలో ఫోను మీద గీతలు ఒక్కొక్కటే పోయాయి.

గర్ర్...

కుడి భుజంలో ఏదో దిగింది. నొప్పి తెలిసేలోపే నేల మీద పడింది, అది ఆమెని ఈడ్చుకుపోతోంది. గోళ్ళు సిమెంటు మీద విరిగాయి. బాబాయ్ గాల్లోకి రాడ్డు ఎత్తి కొట్టాడు. దేనికో తగిలింది... ఐసు మీద సుత్తి పడ్డ చప్పుడు. మళ్ళీ ఎత్తాడు. ఈసారి రాడ్డు ఎగిరి గోడకి తగిలింది, వెంటనే ఎండుపుల్ల విరిగినట్టు ఆయన చెయ్యి విరిగింది. మోచేతి కింద ఎముక చొక్కాని చీల్చుకుని బయటికి వచ్చింది. ఆయన కేకెయ్యకుండా ఇంకో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి, లేచి, తలుపు దాటి వానలో పడ్డారు.

అక్కడితో అంతా ఆగిపోయింది. ఈడ్చే చప్పుడు లేదు. వాన ఒక్కటే.

"పోయిందా?" అంది.

"పోయిందనుకుంటా," అన్నాడు బాబాయ్, పళ్ళు బిగించి. విరిగిన చేతిని పొట్టకి హత్తుకుని గేటు వైపు నడిచాడు. కాస్త దూరం పోయాక జేబులోంచి ఫోను తీశాడు. "సిగ్నలుందమ్మాయ్! నిండుగా ఉంది!" పోలీసులకి చేసి, తడబడుతూ చిరునామా చెప్పాడు.

టవరమ్మ తన ఫోను చూసుకుంది. ఒక్క గీత కూడా లేదు. కిందపడి పాడైనట్టుంది అనుకుంది. భుజం మీంచి రక్తం వెచ్చగా కారుతోంది. గాయం లోపల మాత్రం ఐసు ముక్క ఇరుక్కున్నట్టు చల్లగా ఉంది.

అప్పుడు తట్టింది. ఇక్కడ నిలువనీడ లేకుండా చేసింది తనే. ఇప్పుడది నీడ వెతుక్కుంటూ ఎక్కడికి పోతుంది? ఇవాళ ఊళ్ళో ఎక్కడ ఒక్క గీత కూడా లేదు? తన వీధిలో. మూడో అంతస్తులో, తొడదాకా కట్టుతో, లేచి పరిగెత్తలేని మనిషి దగ్గర. చచ్చిపోడులే అని నవ్వుతూ అన్నది కూడా తనే.

"బాబాయ్, ఇంట్లో ఆయనొక్కడే..." అంది. మిగతాది చెప్పలేకపోయింది.

బాబాయ్ అర్థం చేసుకున్నాడు. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు పో తల్లీ. ఈ చేత్తో నేను నడపలేను. ఆ ముసలాయన్ని కుక్కలకి వదిలేసి రాలేను కూడా. పోలీసులొచ్చేదాకా లోపలే కూర్చుంటా. సిగ్నలుందిగా, ఇంక భయమేముంది?"

ఒంటిచేత్తో కారు తిప్పింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, అయినా అద్దం అవతల ఏదీ సరిగ్గా కనిపించడం లేదు. పక్కసీట్లో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క పడింది. పక్కనే ఇంకోటి. పొద్దున్న ఇదే రోడ్డు ఆకుపచ్చగా ఉంది. ఇప్పుడు ఎరుపు... ఎరుపు... ఎర్రటి గీత ఒకటి ఫ్యాక్టరీ దగ్గర మొదలై, మలుపులన్నీ తిరుగుతూ, తిన్నగా తన ఇంటి వైపు పాకుతోంది.

"ఈ దార్లోనే పోతోంది," అనుకుంది. "నాకంటే ముందు పోతోంది."

కాలు ఇంకా గట్టిగా నొక్కింది.

కూడలిలో ఎర్ర లైటు దగ్గర ఆగక తప్పలేదు. పక్కన మోటారు సైకిలు మీదున్న కుర్రాడు ఆమె భుజం చూసి అద్దం మీద కొట్టాడు. ఆమె అద్దం దించింది.

"అక్కా, రక్తం కారుతోంది! ఆసుపత్రికి..."

మాట పూర్తవలేదు. అతని మొహం ముందుకొచ్చింది. మెడ పట్టుకుని ఎవరో లాగినట్టు, ఒక్క కుదుపుతో కిటికీలోకి వచ్చి తలుపు అంచుకి కొట్టుకుంది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. పళ్ళు రాలి ఆమె ఒళ్ళో పడ్డాయి. మూడోసారి కొట్టుకున్నప్పుడు ఆ మొహంలో ముక్కు లేదు. తర్వాత ఎవరో వదిలేసినట్టు జారిపోయాడు, మోటారు సైకిలు అతని మీద పడింది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు.

ఆమె అరిచిందో లేదో ఆమెకే తెలియదు. వెనక నుంచి ఎవరో తోశారనుకుంది. ఎర్ర లైటు దాటి పోనిచ్చింది.

ఇంటికి రెండు మలుపుల ఇవతల మందుల షాపు. అక్కడ పాత తీగ ఫోను ఉందని ఆమెకి తెలుసు. షాపతను సెల్లుని గాల్లోకెత్తి ఊపుతున్నాడు. "ఇప్పటిదాకా బాగానే వచ్చిందండీ, మీరొచ్చే ముందే పోయింది," అంటూ ఇటు తిరిగి, ఆమెని చూసి నోరు మూసుకున్నాడు.

ముందు మొగుడికి చేసింది. మీరు పిలుస్తున్న వ్యక్తి కవరేజీ పరిధిలో లేరు. మళ్ళీ చేసింది. అదే గొంతు, అదే మర్యాద. కంట్రోల్ రూముకి చేసింది.

"అన్నయ్యా, యాంటెన్నా మళ్ళీ మా వీధికి తిప్పు. ఇప్పుడే."

"ఏంటి చెల్లెమ్మా, ఆ గొంతేంటి? తిప్పితే ఫ్యాక్టరీ చిల్లు మళ్ళీ తెరుచుకుంటుంది."

"తెరుచుకోనీ." తెరుచుకోవాలి. దాని ఇల్లు దానికిచ్చేస్తే అది వెనక్కి పోతుంది. అటు పోతే ఇటు రాదు.

"సరే. అక్కడ మనవాళ్ళెవరూ లేరుగా? సిగ్నల్ పోయిందని మళ్ళీ నన్ను తిడతారు."

టవరమ్మ కళ్ళ ముందు బాబాయ్ కనిపించాడు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, శవం పక్కన, చీకట్లో. సిగ్నలుందిగా, ఇంక భయమేముంది.

"ఎవరూ లేరు," అంది.

రిసీవరు పెట్టేసింది. ఆ రెండు మాటలూ అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

మెట్లెక్కుతుంటే అడుగడుగునా రక్తం చుక్కలు పడ్డాయి. మొదటి అంతస్తులో ఎవరింట్లోనో పాప ఏడుపు. రెండో అంతస్తులో లైటు లేదు. గోడ పట్టుకుని ఎక్కింది. కుడి చెయ్యి చచ్చుబడి, బరువుగా వేలాడుతోంది. మూడో అంతస్తులో తలుపు తోసింది.

"ఏవయ్యా..."

చప్పుడు లేదు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నేల మీద పడి ఉంది.

"ఏవయ్యా!"

"అరవకే బాబూ, ఇక్కడున్నా!"

గది అవతలి కొసన, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కట్టున్న కాలు స్టూలు మీద చాపుకుని, ఫోను చేత్తో పైకెత్తి, మొహం నిండా నవ్వుతో. "వచ్చిందే! నాలుగు గీతలు! ఏం మంత్రం వేశావే, ఇంత సిగ్నల్ పెళ్ళయినప్పటి నుంచీ చూడలేదు!"

ఆమె గుమ్మంలోనే తలుపుకి ఆనుకుని ఏడ్చేసింది. బతికున్నాడు. ఇంకేమీ అక్కర్లేదు.

అప్పుడతను ఆమె భుజం చూశాడు. నవ్వు పోయింది. లేవబోయి కాలు సహకరించక కూలబడ్డాడు. "అయ్యో... ఏమైందే? ఎవరు చేశారు?" అంతలో ఫోను మోగింది. "బాబాయే. ఇందాకట్నుంచీ నీ ఫోను కలవట్లేదనుకుంటా." స్పీకరు నొక్కాడు.

"అల్లుడూ, అమ్మాయి చేరిందా?" బాబాయ్ గొంతు. బతికున్నవాడి గొంతు.

"ఇప్పుడే వచ్చింది బాబాయ్."

"హమ్మయ్య. నాకేం భయం లేదని చెప్పు. పోలీసులొచ్చారు. లోపల సిగ్నల్ పోయింది గానీ, అది మాత్రం రాలేదు. మూలమూలా వెతికాం. అసలిక్కడ లేదు అల్లుడూ. ఎటు పోయిందో..."

టవరమ్మ ఫోను అందుకోబోయి గదిలోకి రెండడుగులు వేసింది. బాబాయ్ గొంతు బొంగురుపోయింది, ముక్కలైంది. మొగుడి చేతిలో ఫోను మీద నాలుగు గీతలు మూడయ్యాయి. ఇంకో అడుగు వేసింది. రెండు.

ఆగిపోయింది.

వెనక్కి ఒక అడుగు వేసింది. మూడు. గుమ్మందాకా వెళ్ళింది. నాలుగు.

కారు ఎటు పోతే చుక్కలు అటు. కారు వెళ్ళని వీధి గురించి ఆ మ్యాపుకి ఏమీ తెలియదు. ఇంతకాలం ఊరందరికీ చెప్పిన మాటే. ఎర్ర గీత ఎక్కడికీ పాకలేదు. ఆ గీత పడ్డ దారంతా తను కారు నడిపిన దారే. ఆ కుర్రాణ్ణి వెనక నుంచి ఎవరూ తొయ్యలేదు. లోపలికి లాగారు. కారులోకి.

భుజం లోపల చల్లదనం మెల్లగా కదిలింది.

"ఏంటే, గుమ్మంలో నిలబడిపోయావు? రా ఇటు. ఆ రక్తం చూడనీ ముందు," అన్నాడు మొగుడు. అతని గొంతులో భయం. ఆమె కోసం.

"నేను రాను," అంది గుసగుసగా. "నువ్వు అక్కడే ఉండు... ఆ ఫోను నాకు కనపడేలా పట్టుకో. దించకు."

అతనికేమీ అర్థం కాలేదు, అయినా పట్టుకున్నాడు. నాలుగు గీతలు. ఆమె తలుపు చట్రాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాలు కూడా కదపకుండా నిలబడింది. గది మధ్యలో ఎవరూ లేరు.

భుజంలో చల్లదనం బయటికి జారిపోయినట్టు తగ్గింది. గాయం వెచ్చబడింది.

ఫోను మీద ఒక గీత పోయింది.

ఆమె కదల్లేదు.

ఇంకో గీత పోయింది.